ఏబీసీ సర్టిఫికెట్‌కి ఐదుకి మూడు మార్కులు: ఐర్లండ్‌లో పేపర్ ప్రకటన ఇవ్వబోయేవాళ్ల కోసం

కందిపప్పు మీద పది శాతం తగ్గింపు, ప్రకటన కత్తిరించి తెచ్చినవాళ్లకి. రెండేళ్ల కిందట దీపావళికి ముందు ఐర్లండ్‌లో మా కిరాణా కొట్టు కోసం ఒక ఉచిత పేపర్‌లో పావు పేజీ కొని ఇలా వేయించాం. ఆ పేపర్ పేరెందుకులెండి. ప్రకటనలు అమ్మే అబ్బాయి మా కొట్టుకొచ్చి, బియ్యం బస్తాల మీద లాప్‌టాప్ పెట్టి, "ముప్పై వేల మంది చదువుతారు" అని ఒక గ్రాఫ్ చూపించాడు. మా బావమరిది అక్కడికక్కడే ఊ కొట్టేశాడు. నేనూ పెద్దగా అడ్డు చెప్పలేదు. పండగ అయిపోయాక గల్లాపెట్టెలో చూస్తే కటింగులు నాలుగున్నాయి. అందులో రెండు ఒకే పెద్దాయన తెచ్చినవి. కందిపప్పుతో ఏం చేయాలో ఆయనకి తెలీదు, సూప్‌లో వేసుకుంటానన్నాడు.

డబ్బు పోయినందుకు కన్నా నా తెలివితక్కువకి ఎక్కువ సిగ్గేసింది. నేను పేపర్ ఏజెంటు కొడుకుని. తెనాలిలో మా నాన్న పాతికేళ్లు ఏజెన్సీ నడిపాడు. తెల్లవారుజామున బస్టాండ్ దగ్గర కట్టలు దించుకోవడం, లైన్ కుర్రాళ్లకి పంచడం, జిల్లా పేజీల పొట్టి పేపర్‌ని పెద్ద పేపర్ మధ్యలో దూర్చడం, ఇవన్నీ నిద్రమత్తులోనే నేర్చుకున్నాను. ఎవరైనా ఇంటికొచ్చి "మా పేపర్ ఇన్ని వేలు" అని కోతలు కోస్తే నాన్న ఒకటే అడిగేవాడు: "ఎన్ని పంపారన్నది కాదండీ, ఎన్నింటికి డబ్బులొచ్చాయి?" ఆ ప్రశ్న ఆ లాప్‌టాప్ అబ్బాయిని నేను అడగలేదు.

అందుకని ఆ చలికాలం కూర్చుని ఐర్లండ్ పేపర్ల సర్క్యులేషన్, అంటే ఎన్ని కాపీలు జనానికి చేరుతున్నాయన్న లెక్కలన్నీ తిరగేశాను. నేను సమీక్ష రాస్తున్నది ఆ లెక్క చెప్పే వస్తువు గురించి: ఏబీసీ సర్టిఫికెట్. ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ అని 1931లో బ్రిటన్‌లో పెట్టిన సంస్థ ఇస్తుంది. ఐర్లండ్ పేపర్లనీ పత్రికలనీ కొలిచిందీ ఇదే. మన దేశంలో ఇదే పేరుతో 1948 నుంచి ఇంకో సంస్థ ఉంది. మన పేపర్లు మొదటి పేజీలో "ఏబీసీ లెక్కల ప్రకారం మేమే నంబర్ వన్" అని వేసుకునేది ఆ ఇంటి ఏబీసీని చూపించి. రెండూ వేరు, పద్ధతి మాత్రం దగ్గరదగ్గరగా ఒకటే. పేపర్ వాళ్లు తమ లెక్క ఇస్తారు, ఆడిటర్లు పుస్తకాలు చూస్తారు, ఆరు నెలల సగటు బయటికొస్తుంది.

ఇక్కడ ప్రకటన కొనేవాడికి ఈ కాగితం దాదాపు ఊరికే దొరుకుతుంది. వెబ్‌సైట్‌లో పేపర్ పేరు కొడితే పీడీఎఫ్ వస్తుంది. ఖర్చంతా ఆడిట్ చేయించుకునే పేపర్‌ది. ఈ ఒక్క విషయానికే ఒక మార్కు ఇచ్చేశాను.

చదవడం మాత్రం నేర్చుకోవాలి. పైన లావుగా ఒక అంకె ఉంటుంది: సంచికకి సగటు సర్క్యులేషన్. అందరూ అక్కడ ఆగిపోతారు. అమ్మేవాడు చెప్పేదీ అదే. అసలు కథ కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎన్ని కాపీలు కొట్టులో మనిషి జేబులోంచి డబ్బు తీసి కొన్నాడు, ఎన్ని చందా మీద వెళ్లాయి, ఎన్ని తగ్గింపు ధరకి ఇచ్చారు, ఎన్ని ఊరికే పంచారు, ఎన్ని బల్క్. ఐర్లండ్‌లో ఎన్ని, బయట ఎన్ని. డిజిటల్ కాపీలుంటే అవీ.

బల్క్ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. హోటళ్లు, విమానాల కంపెనీలు, జిమ్‌లు కట్టలకి కట్టలు నామమాత్రపు ధరకి కొని తమ దగ్గరికొచ్చేవాళ్లకి ఊరికే ఇస్తాయి. మీరెప్పుడైనా హోటల్ రిసెప్షన్‌లో చేతికి తగిలే ఎత్తులో పేపర్ల దొంతర చూసుంటే అదే. సాయంత్రానికి ఆ దొంతర ఎంత తగ్గుతుందో కూడా చూసే ఉంటారు. సర్టిఫికెట్ దాన్ని దాచదు, వేరే వరసలో రాస్తుంది. ఆ రెండు వరసల్నీ కలిపి ఒకటే అంకెగా చెప్పేది అమ్మేవాడి నోరు. మన దగ్గరా ఈ గొడవ లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో గ్రామ, వార్డు వలంటీర్లకి పేపర్ కొనుక్కోమని నెలకి 200 రూపాయలు ఇచ్చే ఉత్తర్వు వస్తే, అది ఒక పేపర్ సర్క్యులేషన్ పెంచడానికేనని ఇంకో పేపర్ యాజమాన్యం కోర్టుకెక్కింది, సుప్రీంకోర్టు దాకా పోయింది. కాపీ ఎవరి డబ్బుతో కొన్నారన్న ప్రశ్నకి అంత బరువుంది మరి.

ఇక ఆ అబ్బాయి చెప్పిన ముప్పై వేలు సర్క్యులేషన్ కూడా కాదు. అది రీడర్‌షిప్, అంటే ఒక్కో కాపీని ఎంతమంది చదువుతారో సర్వే చేసి గుణించిన అంకె. మా ఊళ్లో మంగలి షాపులో ఒక్క పేపర్ సాయంత్రం దాకా ముక్కలై, సినిమా పేజీ ఒకరి చేతిలో, క్రికెట్ పేజీ ఇంకొకరి చేతిలో తిరిగేది. దాన్ని నలభై మంది చదివారంటే నమ్ముతాను. కానీ స్టేషన్‌లో ఊరికే ఇచ్చి, రైలు సీటు మీద వదిలేసిన కాపీని ముగ్గురు చదివారంటే నాకు అనుమానమే. ఏబీసీ ఈ గుణకారం జోలికి పోదు, కాపీలే లెక్కపెడుతుంది. ఇది దాని బలం.

ఈ నమ్మకం నాకు పుస్తకంలోంచి రాలేదు. 2013 సెప్టెంబర్‌లో మాస్టర్స్‌కి డబ్లిన్ వచ్చాను. స్టూడెంట్ వీసా మీద వారానికి ఇరవై గంటలే పని. నాకు దొరికింది ఊరి ఉత్తరం వైపు ఒక చిన్న కొట్టులో ఉదయం షిఫ్టు. పాలు, బ్రెడ్డు, సిగరెట్లు, లాటరీ టికెట్లు, ముఖ్యంగా పేపర్లు. తెనాలిలో వదిలించుకున్నాననుకున్న పని విమానమెక్కి నాకన్నా ముందే వచ్చి కూర్చుంది. ఐదుకల్లా తలుపు ముందు కట్టలు పడి ఉండేవి, ప్లాస్టిక్ పట్టీ బిగించి, వాన పడ్డా తడవకుండా పాలిథిన్ చుట్టి. పట్టీ కోయగానే అది ఎగిరి మొహానికి తగులుతుంది. మొదటివారం రెండుసార్లు తగిలించుకున్నాను. కట్ట మీద చీటీలో ఎన్ని కాపీలో ఉంటుంది. లెక్కపెట్టి సరిచూసుకోకపోతే తగ్గిన కాపీ డబ్బులు మన నెత్తినే.

శనివారం వేరే లోకం. పేపర్ ఒక కట్ట, దానిలో పెట్టాల్సిన మ్యాగజైన్ ఇంకో కట్ట, సప్లిమెంట్లు మరో కట్ట. వాటిని ఒకదాంట్లో ఒకటి దూర్చాలి. మా ఓనర్ పెద్దాయన నా చేతులు చూసి, "నీకెవరు నేర్పారు ఇది?" అన్నాడు. మా నాన్న అని చెప్తే ఆ రోజు నుంచి నాకు టీ ఆయనే పెట్టేవాడు.

కౌంటర్ కింద ఒక అర ఉండేది. రోజూ వచ్చేవాళ్ల పేపర్ మీద పెన్సిల్‌తో పేరు రాసి అందులో పెట్టాలి. ఆదివారం చర్చి ప్రార్థన అయ్యాక వాళ్లంతా ఒక్క ఊపున వచ్చిపడేవాళ్లు. ఎవరికి ఏది అని అడిగే పని లేదు. ఐరిష్ ఇండిపెండెంట్ ఇంటివాళ్లు, ఐరిష్ టైమ్స్ ఇంటివాళ్లు అని ఉండేవాళ్లు, తాతల నాటి నుంచి. పెద్దాయన వాళ్లది ప్రెస్ ఇల్లు. 1931లో ఇక్కడి రాజకీయ నాయకుడు ఏమన్ డి వలేరా పెట్టిన ఐరిష్ ప్రెస్ అన్నమాట. ఫియన్నా ఫాల్ పార్టీ వాళ్ల పేపర్. వాళ్ల నాన్న ఇంకో పేపర్‌ని గుమ్మం దాటనిచ్చేవాడు కాదట. 1995 మే నెలలో అది మూతపడ్డాక ఆయన కొన్నాళ్లు అసలు ఏ పేపరూ కొనలేదట. చేతిలో పేపర్ చూసి పార్టీ చెప్పేయడం మనకి కొత్త కాదు కాబట్టి ఈ కథ నాకు ఇట్టే అర్థమైంది.

ఇంతా చేసి నాకు ఇష్టమైన పని రిటర్న్. ఇది మా నాన్నకి లేని సుఖం. మా ఏజెన్సీలో మిగిలిన పేపర్ మిగిలినట్టే, కిలో లెక్కన పాతపేపర్ల వాడికి. ఇక్కడ అమ్ముడుపోని కాపీలు కట్టగట్టి, ఫారంలో అంకె రాసి, మర్నాడు వ్యాన్ వచ్చేలోపు బయట పెడితే ఆ మేరకి బిల్లులో తగ్గిస్తారు. తగ్గించాల్సినవి తగ్గించకపోవడం, ఫోన్ చేస్తే లైన్లో పాటలు వినిపించడం కూడా ఉండేవి, అది వేరే గొడవ. నేను చెప్పేదేంటంటే, ఆ రిటర్న్ కట్టే నా మొదటి సర్క్యులేషన్ రిపోర్టు. ఏ పేపర్ కట్ట ఏ రోజు లావెక్కుతుందో నా నడుముకి తెలుసు. ఆదివారం పేపర్లు బరువు. సోమవారం ఆటల వార్తలుంటే తేలిక. నేను చేరిన నెలలోనే ఆల్ ఐర్లండ్ ఫుట్‌బాల్ ఫైనల్‌లో డబ్లిన్ మేయో మీద గెలిచింది. మర్నాడు ఎనిమిదింటికల్లా అరలన్నీ ఖాళీ. రిటర్న్ ఫారం మీద సున్నాలు చుట్టడం నాకు అదే మొదటిసారి. ఆరు నెలల సగటులో ఇలాంటి సోమవారం కరిగిపోతుంది, ఉప్పు నీళ్లలో కలిసినట్టు. ఏబీసీ సగటుతో నాకున్న చిన్న పేచీ ఇది. ఏ రోజు ప్రకటన వేయాలో అది చెప్పదు.

ఏళ్ల మీద చూస్తే మాత్రం సగటు దాచలేనిది ఒకటుంది. 2007, 2008 రోజుల్లో, అంటే ఇక్కడ ఇళ్ల ధరలు ఆకాశంలో ఉండి ప్రాపర్టీ సప్లిమెంట్లు పుస్తకాల్లా వచ్చిన కాలంలో, ఐరిష్ ఇండిపెండెంట్ సుమారు లక్షా అరవై వేలు ఉండేది. 2018 వచ్చేసరికి తొంభై వేల కిందకి దిగింది. ఐరిష్ టైమ్స్ లక్షా పదిహేను వేల పైనుంచి, అచ్చు కాపీల్లో అరవై వేల చుట్టుపక్కలకి వచ్చింది. దాని సర్టిఫికెట్‌లో పైన ఉన్న అంకె అంతకన్నా చాలా పెద్దది, ఎందుకంటే డిజిటల్ కాపీలు కూడా అందులో కలిశాయి. కలపడం తప్పని అనను. చదివేవాడు ఫోన్లో చదివినా చదివినట్టే. కానీ నా కందిపప్పు కటింగ్‌ని ఫోన్లోంచి కత్తెరతో ఎలా కత్తిరిస్తాడు?

డబ్బున్నవాళ్లు కూడా ఈ అంకెల్ని తప్పు చదివారని తెలిశాక నా నాలుగు కటింగుల బాధ కొంచెం తగ్గింది. మేం ఇప్పుడుండేది కిల్డేర్ కౌంటీలో, నేస్ దగ్గర. ఇంటెల్ చిప్‌ల ఫ్యాక్టరీ పుణ్యమా అని ఈ చుట్టుపక్కల మనవాళ్లు బాగానే ఉన్నారు. నేస్ నుంచి వచ్చే వారపత్రిక లెన్‌స్టర్ లీడర్, 1880 నాటిది. దాన్నీ దాని గ్రూపులో మిగతా పేపర్లనీ 2005లో బ్రిటన్ కంపెనీ జాన్‌స్టన్ ప్రెస్ 13.86 కోట్ల యూరోలు పెట్టి కొంది. అదే కంపెనీ ఐర్లండ్‌లో తనకున్న 14 పేపర్లనీ కలిపి 2014లో ఐకానిక్ అనే సంస్థకి ఇచ్చేసింది, 71 లక్షల పౌండ్లకి. ఐరిష్ ఇండిపెండెంట్ ఉన్న గ్రూపు మొత్తాన్ని, అంటే ఈ దేశంలో అతి పెద్ద పేపర్ల కంపెనీని, 2019లో బెల్జియం వాళ్ల మీడియాహ్యుస్ సుమారు 14.5 కోట్ల యూరోలకి తీసుకుంది. 2005లో కొన్ని జిల్లా వారపత్రికలకి పెట్టిన డబ్బు, పద్నాలుగేళ్ల తర్వాత దేశంలోకెల్లా పెద్ద గ్రూపుకి పెట్టిన డబ్బు దాదాపు ఒకటే. ఈ వాక్యం మా బావమరిదికి రెండుసార్లు చదివి వినిపించాను.

ఉచిత పేపర్ల సంగతీ చూశాను, నాకు తగిలింది అక్కడే కాబట్టి. డబ్లిన్‌లో 2005లో రెండు ఉచిత పేపర్లు పోటాపోటీగా మొదలయ్యాయి, హెరాల్డ్ ఏఎం, మెట్రో. రెండూ 2009లో కలిసిపోయి మెట్రో హెరాల్డ్ అయ్యాయి. నేను కాలేజీకి వెళ్తూ స్టేషన్‌లో తీసుకునేవాణ్ణి, సుడోకు కోసం. 2014 డిసెంబర్‌లో అది కూడా ఆగిపోయింది. ఊరికే ఇస్తే తీసుకునేవాళ్లుంటారు. ప్రకటన ఇచ్చేవాడు మాత్రం ఎంతమంది చదివారని అడుగుతాడు, నాలా కాకపోతే.

పత్రికల దగ్గరికొస్తే సర్టిఫికెట్ ఇంకా బాగా పనికొస్తుంది. ఇక్కడ ఆర్టీఈ గైడ్ అని ప్రభుత్వ టీవీ సంస్థ వారపత్రిక ఉంది, 1961 నుంచి. మామూలు వారాల్లో దాని పాటికది అమ్ముడుపోతుంది. క్రిస్మస్ రెండు వారాల సంచిక వచ్చిందంటే కౌంటర్ మీదే గుట్ట పోయాలి. ఇంటికి తీసుకెళ్లి, ఏ సినిమా ఎప్పుడో పెన్నుతో సున్నాలు చుట్టుకోవడం ఇక్కడ ఒక ఆచారం, మన ఇళ్లలో ఉగాదికి కొత్త పంచాంగం కొన్నట్టు. కాబట్టి సంవత్సరం చివరి ఆరు నెలల లెక్క ఎవరైనా చూపిస్తే అందులో క్రిస్మస్ సంచిక ఉందని గుర్తుపెట్టుకుని, మొదటి ఆరు నెలల కాగితం కూడా అడగండి.

నా మనసు దోచింది ఐరిష్ ఫార్మర్స్ జర్నల్. 1948లో మొదలైంది, ఒక ట్రస్టుది. గురువారం వస్తుంది. దేశంలో దినపత్రికలన్నీ జారిపోతున్న 2018లో కూడా ఇది అరవై వేల పైచిలుకు నిలబెట్టుకుంది. ఐరిష్ టైమ్స్ అచ్చు కాపీలంత దగ్గరదగ్గరగా, ఒక్క రైతుల వారపత్రిక! ఎందుకో మా ఇప్పటి కొట్టు పక్కనున్న న్యూస్ ఏజెంట్ దగ్గర గురువారం పొద్దున నిలబడితే తెలుస్తుంది. మట్టి బూట్లతో వచ్చి, పాలూ బ్రెడ్డూ చూడకుండా నేరుగా ఆ అర దగ్గరికి పోతారు. దూడల ధరలు, పాల ధర, పాత ట్రాక్టర్ల ప్రకటనలు అందులోనే ఉంటాయి. డబ్బుతో పనున్న సమాచారం. ఇలాంటి కాపీకి బల్క్ వరసతో అవసరం లేదు.

ఇంకోటి ఐర్లండ్స్ ఓన్. 1902లో వెక్స్‌ఫర్డ్‌లో పుట్టింది. కథలు, పాత పాటల సాహిత్యం, దయ్యాల ముచ్చట్లు, కలం స్నేహాలు. డబ్లిన్ కొట్టులో దీన్ని కొనేవాళ్లలో యాభై ఏళ్ల కిందివాళ్లని నేను చూడలేదు. ఒక పెద్దావిడ రెండు కొనేది, రెండోది ఇంగ్లండ్‌లో ఉన్న చెల్లెలికి పోస్టు చేయడానికి. ఫీనిక్స్ అని రెండు వారాలకోసారి వచ్చే వ్యంగ్య పత్రిక కూడా చెప్పుకోవాలి, 1983 నుంచి ఉంది. లాయర్లలా కనిపించేవాళ్లు దాన్ని మడతపెట్టి పేపర్ లోపల దాచుకుని తీసుకెళ్లేవాళ్లు, ఎందుకో మరి.

ఇప్పుడు రెండు మార్కులు ఎందుకు కోశానో చెప్పాలి. క్లాసులో మొదటి వరుసలో కూర్చునేవాళ్లు పరీక్షకి రావడం మానేశారు. మీడియాహ్యుస్ చేతికొచ్చిన ఇండిపెండెంట్ గ్రూపు ఏబీసీ లెక్కలోంచి బయటికొచ్చేసింది. ఐరిష్ టైమ్స్ కూడా ఆ తర్వాత వేరే ఆడిట్ సంస్థతో తన లెక్క తను చూపించుకోవడం మొదలుపెట్టింది. బ్రిటన్‌లోనూ 2020 మేలో ఏబీసీ తన నియమం మార్చుకుని, ఇష్టం లేని పేపర్ తన అంకెని బయటపెట్టక్కర్లేదంది. పేపర్ల వాదన వినడానికి బానే ఉంటుంది: అచ్చు కాపీలొక్కటే చూసి మమ్మల్ని కొలవకండి, మాకు డిజిటల్ చందాదారులున్నారు. ఉన్నారు, కాదనను. కానీ ఎవరి కొలపాత్ర వాళ్లు తెచ్చుకుంటే సంత ఎలా నడుస్తుంది? ఒకరు చందాదారులంటారు, ఇంకొకరు నెలకి ఎంతమంది వెబ్‌సైట్ చూశారంటారు, మూడోవాడు లాప్‌టాప్ తెరుస్తాడు. ఒకే గజం కర్రతో ఇద్దర్ని కొలిచే వీలుండటమే ఈ సర్టిఫికెట్ విలువ. ఆ విలువలో సగం పోయింది. ఇప్పుడు వెతికితే, మీకు కావాల్సిన పెద్ద దినపత్రికకి పాత తేదీ కాగితమే దొరకొచ్చు. తేదీ చూసుకోకుండా వాడితే మళ్లీ కందిపప్పు కథే.

ఇది ఏబీసీ తప్పా, పేపర్లదా అని నాతో వాదించకండి. వంట బాగున్నా సగం ఐటమ్స్ అయిపోయాయన్న హోటల్‌కి మీరు ఎన్ని మార్కులు వేస్తారు?

సర్టిఫికెట్‌కి అందని ఒక సంగతి కూడా చెప్పి తీరాలి. పోయిన ఏడు కొట్టు వెనక గదిలో టిఫిన్ల కౌంటర్ పెట్టి పార్సిల్ ఇద్దామనుకున్నాం. కొట్టుని టేక్‌అవేగా మార్చాలంటే ప్లానింగ్ అనుమతి కావాలి. దానికి దరఖాస్తు పెట్టే ముందు రెండు వారాల్లోపు పేపర్‌లో నోటీసు పడాలి. ఏ పేపర్‌లో పడాలో కౌంటీ కౌన్సిల్ దగ్గర జాబితా ఉంటుంది. స్థలం దగ్గర తెల్ల కాగితం మీద ఇంకో నోటీసు అంటించాలి. దరఖాస్తులో లోపముంటే తిప్పి పంపుతారు, మళ్లీ పెట్టుకోవాలి. మాది అలా ఒకసారి వెనక్కొచ్చింది, మా బావమరిది కొలతలు అడుగుల్లో వేసినందుకు. విషయం అది కాదు. వారపత్రికలో రెండంగుళాల ఆ నోటీసు పడిన మర్నాటి నుంచి వారం పాటు, ఎన్నడూ మా కొట్టులో అడుగుపెట్టనివాళ్లు వచ్చి "దోశ ఎప్పటి నుంచి?" అని అడిగారు. ఇద్దరు వాసన వస్తుందేమోనని దెబ్బలాడటానికి వచ్చి, మిర్చిబజ్జీ తిని వెళ్లారు. పావు పేజీ రంగుల ప్రకటనకి నలుగురు, బొమ్మ కూడా లేని చట్టబద్ధమైన నోటీసుకి ఊరంతా. డబ్బు పెట్టి కొన్న వారపత్రికని ఇక్కడివాళ్లు ప్లానింగ్ నోటీసుల దగ్గర నుంచి మొదలుపెడతారు, పక్కింటివాడు ఏం కడుతున్నాడో తెలియాలి కదా.

ఆ తర్వాత చావు కబుర్లు. మన జిల్లా పేజీల్లో శ్రద్ధాంజలి ఫొటోలు చూడకుండా పేపర్ పక్కన పెట్టని ఇళ్లు లేవా? ఇక్కడ ఆ పని ఇప్పుడు ఎక్కువగా ఆర్‌ఐపీ డాట్ ఐఈ అనే వెబ్‌సైట్‌లో జరుగుతుంది. ఎవరు పోయారు, అంత్యక్రియలు ఏ చర్చిలో, ఎన్నింటికి, అన్నీ అందులోనే. 2024లో ఐరిష్ టైమ్స్ గ్రూపు దాన్ని కొనేసింది. 2025 జనవరి నుంచి ఒక్కో మరణ ప్రకటనకి 100 యూరోలు తీసుకోవడం మొదలుపెట్టారు. పేపర్ కాపీలు తగ్గుతుంటే ఆ గ్రూపు ఎటు చూస్తోందో ఏ సర్టిఫికెట్ కన్నా ఇది బాగా చెప్పింది నాకు. 2023 జనవరి 1 నుంచి పేపర్ల మీద వ్యాట్‌ని ప్రభుత్వం పూర్తిగా ఎత్తేసింది, అచ్చుకీ డిజిటల్‌కీ. అయినా పక్క న్యూస్ ఏజెంట్ అరలో సగం ఇప్పుడు పుట్టినరోజు కార్డులే.

ఇప్పుడు ప్రకటనలమ్మేవాళ్లు వస్తే నేను అడిగేవి ఇవి. ఏబీసీ ఉందా, లేకపోతే ఎవరి ఆడిట్. ఏ ఆరు నెలలది. అందులో డబ్బిచ్చి కొన్నవి ఎన్ని, బల్క్ ఎన్ని. మా కౌంటీలో ఎన్ని, ఎందుకంటే డొనెగల్‌లో చదివినవాడు కరివేపాకు కోసం నేస్ దాకా రాడు. సగం మంది "కనుక్కుని చెప్తాం" అని వెళ్లిపోతారు, మళ్లీ రారు. ఒకమ్మాయి మాత్రం వారంలో వచ్చి, చిన్న పత్రికే అయినా, కాగితం ముందు పెట్టి బల్క్ అంకె మీద తనే వేలు పెట్టి చూపించింది. ఈసారి ఉగాదికి ప్రకటన ఆమెకే ఇచ్చాం.

నాన్నకి ఫోన్లో ఇదంతా చెప్పాను. ఏజెన్సీ వదిలేసి ఆరేళ్లయింది, పొద్దున్నే మెలకువ మాత్రం వస్తోందట. నేను సర్టిఫికెట్ గురించీ, వరసల గురించీ, డిజిటల్ గురించీ చెప్తుంటే ఊ కొడుతూ విన్నాడు. మిగిలిన పేపర్లు వెనక్కి తీసుకుని డబ్బు తగ్గిస్తారన్న దగ్గర మాత్రం ఆపాడు. "మొత్తం తీసుకుంటారా? ఎన్ని మిగిలినా?" అని అడిగాడు. అవునన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అమ్మని పిలిచి ఆ ముక్క ఆమెకి చెప్పడం నాకు వినిపించింది.